వాకౌట్ చేస్తే ఎవరికి లాభం?

మన ప్రజాప్రతినిధులకు బాగా అబ్బిన విద్య ఒకటుంది. అదే వాకౌట్. నినాదం ఇస్తారు, కాగితాలు చింపుతారు, బయటికొచ్చి కెమెరాల ముందు నిలబడతారు. మరునాడు పేపర్ల ఫొటో వస్తది. లోపల మాత్రం బిల్లు పాసైపోతది. ఎవరి కోసం బయటికొచ్చినమని చెప్తున్నారో ఆ కార్మికుడి మెడకే ఆ బిల్లు ఉరితాడైతది.

కమాన్‌పూర్ చుట్టూ ఓపెన్‌కాస్టు మట్టిగుట్టలను చూస్తూ బతుకుతున్న మేం ఈ మాట ఉత్తగనే అనడం లేదు. 2020 సెప్టెంబర్‌లో ఢిల్లీలో జరిగిందేమిటో గుర్తు చేసుకోండి. ఆ నెల 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లులను మూజువాణి ఓటుతో పాస్ చేయించారు. ఓటింగు పెట్టమని అడిగితే పెట్టలేదు. గొడవ చేసినందుకు మరునాడు 8 మంది ఎంపీలను సస్పెండ్ చేశారు. ప్రతిపక్షాలు సభను బహిష్కరించాయి. కోపం న్యాయమైనదే. కానీ సర్కారుకు కావలసింది కూడా అదే. ఖాళీ బెంచీల మధ్య 22న లోక్‌సభలో, 23న రాజ్యసభలో మూడు లేబర్ కోడ్‌లు పాసయ్యాయి. వందేళ్లు కొట్లాడి తెచ్చుకున్న హక్కులను తిరగరాసే చట్టాలకు రెండు రోజులు చాలాయి!

ఇదే వాకౌట్ ఇంకోచోట ఎట్ల పనిచేసిందో చూడాలి. అమెరికాలో విస్కాన్సిన్ అనే రాష్ట్రం ఉంది. 2011లో అక్కడి గవర్నర్ స్కాట్ వాకర్ ప్రభుత్వోద్యోగుల యూనియన్ల మీద ఒక బిల్లు తెచ్చాడు. మూల వేతనం తప్ప మరి దేనిమీదా బేరమాడే హక్కు లేదు. జీతంలోంచి యూనియన్ చందా కోయరు. ఏటేటా ఓటింగు పెట్టి మొత్తం ఉద్యోగుల్లో సగానికి పైగా ఓట్లు తెచ్చుకుంటేనే యూనియన్‌కు గుర్తింపు. పోలీసులకు, ఫైర్ సిబ్బందికి మాత్రం మినహాయింపు ఇచ్చాడు. లాఠీ పట్టేవాళ్లను పక్కన పెట్టుకుని మిగతావాళ్లను కొట్టడం ఏ దేశంలోనైనా పాలకుల పాత ఎత్తుగడే.

అక్కడి సెనేట్‌లో 33 మంది. వాకర్ పార్టీకి 19, ప్రతిపక్షానికి 14. డబ్బుతో ముడిపడ్డ బిల్లు మీద ఓటింగుకు కనీసం 20 మంది హాజరుండాలన్నది రూలు. అంటే ఒక్కరు తక్కువ. ఫిబ్రవరి 17న ప్రతిపక్ష సభ్యులు 14 మందీ సరిహద్దు దాటి పక్క రాష్ట్రం ఇల్లినాయిస్‌కు వెళ్లిపోయారు. పోలీసులను పంపినా పట్టి తేలేకపోయారు. ఈ లోపల టీచర్లు, విద్యార్థులు, ఉద్యోగులు వేలాదిగా మాడిసన్‌లోని అసెంబ్లీ భవనంలోనే బైఠాయించారు. మూడు వారాలు బిల్లు కదలలేదు.

చివరికేమైంది? మార్చి 9న బిల్లులోంచి డబ్బు సంగతులు తీసేసి, కోరం అక్కర్లేకుండా చేసి 18-1 ఓట్లతో పాస్ చేసుకున్నారు. 2012లో వాకర్‌ను దించడానికి మళ్లీ ఎన్నిక పెట్టించినా అతనే గెలిచాడు. 2024 డిసెంబర్‌లో ఒక కోర్టు ఆ చట్టంలో చాలా భాగాన్ని కొట్టేసింది, దాని మీద అప్పీలుకు పోయారు. అంటే 14 మంది గెలిచారని చెప్పలేం. కానీ మూడు వారాల టైం సంపాదించారు. చీకట్లో పాస్ కావలసిన బిల్లును లోకమంతా చదివేటట్టు చేశారు.

మన దగ్గర అట్ల ఎందుకు కాదు? ఎందుకంటే మన రాజ్యాంగం ప్రకారం సభ నడవడానికి పదో వంతు మంది ఉంటే చాలు. 245 మంది రాజ్యసభకు 25 మంది. 119 మంది తెలంగాణ అసెంబ్లీకి 12 మంది. ఇంత చిన్న కోరం ఉన్నచోట ప్రతిపక్షం లేచిపోతే ఆగేది ఏమీ లేదు. అడిగేవాడు లేక ఇంకింత జోరుగా నడుస్తది. అక్కడ బయటికి పోవడం అడ్డుకట్ట. ఇక్కడ బయటికి పోవడం దారి ఇవ్వడం. ఈ తేడా తెలియని నాయకుడు అమాయకుడు. తెలిసీ వాకౌట్ చేసేటోడు రెండు పడవల మీద కాళ్లు పెట్టినోడు.

ఆ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇప్పుడు మన బాయి దగ్గరికొద్దాం. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఏ పరిశ్రమలోనైనా 14 రోజుల ముందు నోటీసు ఇవ్వందే సమ్మె చేయరాదు. నోటీసు ఇచ్చాక రాజీ చర్చలు మొదలైతే అవి నడిచినన్ని రోజులు సమ్మె చట్టవిరుద్ధమే. సగం మంది కలిసి ఒకే రోజు క్యాజువల్ లీవు పెట్టినా అది సమ్మె లెక్కలోకే పోతది.

గుర్తింపు సంగతి ఇంకా ముఖ్యం. మస్టర్‌లో ఉన్న కార్మికుల్లో 51 శాతం మద్దతు ఉంటేనే ఒక యూనియన్ ఒంటరిగా యాజమాన్యంతో మాట్లాడగలదు. లేకుంటే 20 శాతం దాటినవాళ్లతో ఒక కౌన్సిల్. సింగరేణిలో 1998 నుంచి రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకుంటున్నాం. 2023 డిసెంబర్ 27న దాదాపు 39 వేల మంది ఓటర్లున్న ఎన్నికలో ఏఐటీయూసీ గెలిచింది. ఐఎన్‌టీయూసీ మీద ఆధిక్యం 2 వేల ఓట్ల లోపే. సగం ఓట్లు ఎవరికీ రాలేదు. ఈ లెక్కన రేపు యాజమాన్యం ముందు కూర్చునేది ఒక సంఘం కాదు, ఒకరి మీద ఒకరికి నమ్మకం లేని రెండు మూడు సంఘాలు. ఇగ విడగొట్టడానికి యాజమాన్యం ప్రత్యేకంగా కష్టపడాలా? ఇక ఓబీ మట్టి ఎత్తే కాంట్రాక్టు కార్మికుడి సంగతి చెప్పనే అక్కర్లేదు. బొగ్గు బయటికి రావడానికి అతని చెమట కావాలి, గుర్తింపు ఎన్నికల్లో మాత్రం అతనికి ఓటే లేదు.

2011లో సకల జనుల సమ్మె పెట్టినప్పుడు సింగరేణి కార్మికుడు నెలకు పైగా బాయిలోకి దిగలేదు. జీతం పోయినా వెనుకకు తగ్గలేదు. ఆర్టీసీ కార్మికుడు బస్సు ఆపాడు, టీచర్ బడి బంద్ పెట్టాడు. అదే ఏడాది జులైలో మన ఎమ్మెల్యేలు, ఎంపీలు రాజీనామాలు ఇచ్చారు. స్పీకర్ వాటిని తిరస్కరించాడు. రాజీనామా కాగితం ఢిల్లీని కదిలించలేదు. ఆగిపోయిన బొగ్గు కదిలించింది. సమ్మె హక్కు లేకుంటే తెలంగాణ ఉండేదా?

మరి ఆ రాష్ట్రమే వచ్చాక ఏం చూశాం? 2019 అక్టోబర్ 5న ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగితే, తమను తామే డిస్మిస్ చేసుకున్నారని సర్కారు ప్రకటించింది. 52 రోజుల తర్వాత పనిలోకి తీసుకుని, రెండేండ్లు యూనియన్ ఎన్నికలే వద్దని, డిపోకు వెల్ఫేర్ కమిటీలు చాలని ముఖ్యమంత్రి కేసీఆర్ చెప్పారు. దానికి అసెంబ్లీలో బిల్లు లేదు, ఓటింగు లేదు. వాకౌట్ చేసే అవకాశం కూడా ఎవరికీ దొరకలేదు!

కాబట్టి మేం అడిగేది సూటిగా ఉంది. కార్మికుల హక్కుల మీద బిల్లో తీర్మానమో వచ్చిన రోజు మన ఎమ్మెల్యే, మన ఎంపీ సీట్లో ఉండాలి. సవరణలు పెట్టాలి. మూజువాణి కుదరదని డివిజన్ అడగాలి. ఎవరు ఏ పక్కన ఓటేశారో రికార్డులకెక్కాలి. రేపు గోదావరిఖని చౌరస్తాలో ఓట్లడగడానికి వచ్చినప్పుడు ఆ రికార్డే మన చేతిలో ఉండాలి. బయటికి రావాలనిపిస్తే రావచ్చు. కానీ మీడియా పాయింటు దగ్గర ఆగొద్దు. బాయి గేటు దాకా రావాలి.

వ్యవసాయ చట్టాలూ లేబర్ కోడ్‌లూ ఒకే వారంలో పాసయ్యాయి. రైతులు ఏడాది పాటు ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చుంటే 2021 నవంబర్‌లో వాళ్ల చట్టాలు రద్దయ్యాయి. కార్మికుల చట్టాలు మాత్రం నిలబడి ఉన్నాయి. తేడా సభలో లేదు, రోడ్డు మీద ఉంది. సంఘాల జెండాలు ఏ రంగువైనా సరే, కాంట్రాక్టు కార్మికుడిని కలుపుకుని ఒక్క గేటు దగ్గర నిలబడాల్సిన సమయం ఇదే.