పెరటి చెట్టు మీది చరిత్ర

ఫాల్గుణము ముగిసి చైత్రము ప్రవేశించు ఈ దినములలో, నెల్లూరు పాతవీథులలో నేటికిని మిగిలియున్న పెరళ్లయందు వేపచెట్లు పూతపట్టి, సన్నని తెల్లని పూవులు వేకువజామున నేలపై రాలి, ఉగాది పచ్చడికొరకు ఇల్లాండ్రు వానిని చేటల కెత్తుకొను వేళకే, ప్రక్కనున్న మునగచెట్టు ఎండుకొమ్మపై నుండి "టుక్, టుక్" మని ఎడతెగని శబ్దమొకటి వినవచ్చుచుండును. పంచాంగశ్రవణమునకై గుడికి బయలుదేరిన వారిలో, ఆ శబ్దము కంసాలిపిట్టదని యెరిగినవారు కొందరే; వీథి చివర ఏదో యంత్రము పనిచేయుచున్నదని తలచి సాగిపోవువారు పెక్కురు. రాబోవు సంవత్సరమున వర్షమెంత, ధాన్యమెంత అని పురోహితు నడిగి తెలిసికొనవలెనన్న కుతూహలము మనకు గలదు గాని, మన పెరటిలోనే గూడుకట్టి పిల్లలను పెంచుచున్న ప్రాణి యెవరో తెలిసికొనవలెనన్న కుతూహలము నానాటికి సన్నగిలుచున్నది.

ఆ కంసాలిపిట్టను ఒక్కసారి నిలిచి చూడుడు. పిచ్చుకకంటె కొంచెము పెద్దది, బొద్దైనది, వీపంతయు ఆకుపచ్చ, నొసటను రొమ్మునను ఎర్రని పట్టె, కంటికి పైనను క్రిందను పసుపుపచ్చని మచ్చ. కూయునపుడు దాని ముక్కు తెరచుకొనదు. మూసిన ముక్కుతోనే, గొంతుక ఉబ్బి తగ్గుచుండగా, ఒక్కొక్క కూతకు తలను ఒక్కొక్క ప్రక్కకు త్రిప్పుచుండును గనుక, ధ్వని ఏ దిక్కునుండి వచ్చుచున్నదో వినువానికి నిర్ణయించుకొన సాధ్యము కాదు. చీకిన మెత్తని కొమ్మ అడుగుభాగమున ముక్కుతో తొలిచి, తన దేహము పట్టునంత గుండ్రని రంధ్రము చేసికొని, అందు గుడ్లు పెట్టును. మర్రి, రావి, జువ్విపండ్లు తిని వాని గింజలను ఊరంతయు చల్లును. ఎండిన కొమ్మ కదా, చూపునకు బాగుగ లేదు కదా యని మనము దానిని నరికించిన నాడు, గుడ్లతోడను పిల్లలతోడను ఒక కుటుంబమును నేలగూల్చినవార మగుదుము.

మన ఊళ్ల చరిత్ర లెన్నియో వ్రాయబడినవి. కర్నల్ మెకంజీ కాలమున కావలి సోదరులును, వారి క్రింద పనిచేసిన లేఖకులును గ్రామగ్రామము తిరిగి కైఫీయతులు సేకరించిరి. 1873లో బాస్వెల్ నెల్లూరు మండలమునకు ఒక పెద్ద మాన్యువలు కూర్చెను. మనుమసిద్ధి కొలువును, తిక్కన సోమయాజిని, పెన్నయొడ్డున రంగనాయకస్వామి ఆలయమును మరువక వ్రాసికొన్నాము, అది యుక్తమే. కాని ఆ పెన్నయొడ్డున ఏ చెట్టుపై ఏ పక్షి ఏ మాసమున గూడు కట్టెడిదో, దాని నేమని పిలిచిరో, దానిని చూచి సేద్యగాడు ఏమి గ్రహించెడివాడో, అదియు ఊరి చరిత్రయే యని మన చరిత్రకారులలో తలచినవారు అరుదు. రాజుల పేళ్లు రాతిపై నిలిచినవి. పక్షుల పేళ్లు మనుష్యుల నోళ్లలో మాత్రమే యుండెను. ఆ నోళ్లు మూగవోయినకొలది ఒక చరిత్ర అంతరించినది.

అంతరించిన దానిలో కొంత భాగము చిత్రముగా ఒక పరదేశీయుని గ్రంథమున మిగిలెను. థామస్ కావెర్‌హిల్ జెర్డన్ అను వైద్యుడు 1836లో మద్రాసుకు వచ్చి, 1840 దశకమున నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసెను. ఆ కాలముననే మద్రాసులో అచ్చుపడిన ఆయన పక్షిచిత్రముల గ్రంథమునకు ఈ దేశపు చిత్రకారులు బొమ్మలు వ్రాసిరి. 1862–64 సంవత్సరములలో వెలువడిన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా' యందు ఆయన ఒక్కొక్క పక్షికి దేశభాషానామములను ఇచ్చుచు, తెలుగు పేళ్లను కూడ శ్రద్ధతో చేర్చెను. బుల్బులునకు పిగిలిపిట్ట, పసరముల వీపుపై కూర్చుండి పురుగులను పట్టు నల్లని పొడవుతోక పక్షికి పసులపోలిగాడు, ఆకులు కుట్టి గూడు చేయు బుల్లిపిట్టకు లిక్కుజిట్ట. ఈ పేళ్లు ఆయనకు పండితసభలలో దొరకినవి కావు. నెల్లూరు ప్రాంతపు యానాదుల వలన ఆయన ప్రకృతి విషయములు పెక్కు గ్రహించెను. అడవియే బడిగా పెరిగిన ఆ జనుల జ్ఞానమే గ్రంథస్థమై, గ్రంథకర్త పేర లోకప్రసిద్ధమయ్యెను. జెర్డను కీర్తిని తగ్గించుటకు ఈ మాట చెప్పుట లేదు. ఆయన వ్రాసినందువలననే ఆ మాత్రమైనను మనకు దక్కినది. చెప్పినవారి పేళ్లు దక్కలేదన్నదే నా చింత.

వారి జ్ఞాన మెంత సూక్ష్మమైనదో కోకిల యొక్కటియే చాటును. వసంతము రాగానే కోకిల వచ్చెనని మనమందుము. నిజమునకు అది ఎచ్చటికిని పోలేదు. శీతకాలమంతయు మన తోటలలోనే పండ్లు తినుచు మౌనముగా నుండి, జత కూడు కాలము రాగానే గొంతు విప్పును. "కుహూ" యని కూయునది ఎర్రని కన్నులుగల నల్లని మగపక్షి. ఆడుపక్షికి ఆ పాట లేదు, ఆ వన్నెయు లేదు. గోధుమవన్నె దేహముపై తెల్లని చుక్కలతో వేరొక జాతి పక్షియేమో యన్నట్లుండి, "కిక్ కిక్" అని తీవ్రముగా అరచును. చూపునకు ఇంత వేరైన రెంటిని ఒకే జాతియని ఎరుగుటకు ఎంత కాలము, ఎంత ఓపికతో గమనించియుండవలెనో ఆలోచింపుడు. మన పల్లెప్రజలు మగదానిని నల్ల కోకిల యనియు, ఆడుదానిని పొడ కోకిల యనియు పిలుచుచుండి రని జెర్డను వ్రాసినాడు. సంస్కృతకవులు పరభృతమని దీనిని పేర్కొనిరి. కాకి గూట గ్రుడ్లు పెట్టు దాని వర్తనము వారికి తెలియును. మగకోకిల గూటి దాపున కనబడి కాకులను తనపైకి రేపి తరుముకొని రానిచ్చునట్టి సమయమున, ఆడుకోకిల చప్పుడు లేక గూటిలో దిగి గ్రుడ్డు పెట్టి పోవుటయు కలదు. చైత్రవైశాఖములలో వేపచెట్టుపై కాకిగూడున్న ఇంటివారు రోజుకొక గడియ కేటాయించినచో, ఈ నాటకమును తమ కన్నులతోనే చూడవచ్చును.

ఇక కలివికోడి కథ. నెల్లూరు, కడప మండలముల నడిమి కొండల దాపున చిట్టడవిలో దొరకిన ఈ పక్షి 1848లో శాస్త్రలోకమునకు పరిచితమై, జెర్డను పేరనే పిలువబడుచున్నది. 1900 ప్రాంతమున అనంతపురము దాపున కనబడిన తరువాత దానిని చూచినవారు లేకపోగా, నశించినదనియే పండితులు నిర్ణయించుకొనిరి. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు కడప మండలమునకు వచ్చి వెదకునపుడు, ఒక రాత్రి దానిని పట్టి తెచ్చి చూపినవాడు ఆ చుట్టుప్రక్కల పిట్టలు పట్టుకొను ఒక సామాన్యుడు. 86 సంవత్సరములు శాస్త్రజ్ఞులకు లేని పక్షి, ఆ పొదలలో రాత్రివేళ తిరుగువారికి ఉన్నదన్నమాట. ఆ తరువాతనే లంకమల అడవి దానికై అభయారణ్య మయ్యెను. ఊరివాని నోటిమాటను ముందుగనే ఎవరైన వ్రాసియుంచినచో ఆ పక్షి ఎన్ని దశాబ్దులు ముందు రక్షణ పొందియుండెడిదో!

వ్రాసియుంచుటవలని లాభమేమని అడుగువారికి మరొక సంగతి చెప్పుదును. దేశమంతట 30,000 మందికి పైగా పరిశీలకులు నమోదుచేసిన సుమారు 3 కోట్ల పరిశీలనల ఆధారముగా 2023లో భారతదేశపు పక్షుల స్థితిని గూర్చి ఒక నివేదిక వెలువడినది. కోకిలలు వృద్ధి పొందుచున్నవట. పాలపిట్టలు మాత్రము పండ్రెండేండ్లలో 30 శాతమునకు పైగా తగ్గినవట. విజయదశమినాడు దర్శనము శుభమని మన పెద్దలు జమ్మిచెట్టు దారిలో వెదకిన పాలపిట్ట యది. తెలంగాణమునకు నేటికిని రాష్ట్రపక్షి. ఆంధ్రప్రదేశమునకును 2018లో రామచిలుకను స్వీకరించువరకు అదియే రాష్ట్రపక్షి. వసంతమున మగపాలపిట్ట ఆకాశమున కెగసి, రెక్కలలోని ముదురునీలమును లేతనీలమును మెరయించుచు, ఇటునటు పొరలుచు బొంగురుగొంతుతో అరచుచు క్రిందికి దూకుట చూచినవారు ఆ దృశ్యమును మరువరు. అది గూడు పెట్టునది తలలేని తాటిమోడుల తొర్రలలో. ఆ మోడులను పనికిరానివని కొట్టివేసిన పొలములలో దానికి తావెక్కడిది? తెలంగాణపు పక్షులనైన 1931–32లో హైదరాబాదు సంస్థానమున సాలిం అలీ పరిశీలించి వ్రాసిపెట్టెను గనుక, ఆనాటికి నేటికి భేద మిదియని చెప్పుట కొంతవరకు సాధ్యము. మీ ఊరికి అట్టి లెక్క యున్నదా? మూడు కోట్ల పరిశీలనలలో మన పల్లెబడుల పిల్లలు చేసిన వెన్ని?

పక్షులతో కలిసి బ్రదుకుట మనకు క్రొత్త నేర్పు కాదు. కోతలైన పిదప వరికంకులను కుచ్చుగా అల్లి చూరున వ్రేలాడదీసి పిచ్చుకలకు విడిచిన ఇండ్లు మన తాతలవి. దొరవారిసత్రము దాపున నేలపట్టు చెరువులో, నీటిలో నిలిచిన కడపచెట్లపై గూడబాతులు వానకాలపు చివర గూళ్లు కట్టి, పిల్లలు ఎదిగినపిదప ఈ వసంతదినములలోనే వెడలిపోవును. ఆ పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పొలమునకు ఎరువని ఎరిగిన రైతులు వానిని ఆదరించిరి. 1976లో ప్రభుత్వము దానిని అభయారణ్యముగా ప్రకటించినది. గ్రామము ఓర్చుకొననిచో శాసనమొక్కటియే ఆ గూళ్లను ఎన్నాళ్లు కాపాడగలదు?

కావున ఈ ఉగాదికి నా విన్నప మిది. ప్రతి పాఠశాలయందును ఒక మంచి గట్టి అట్టగల రిజిస్టరు తెరువవలెను. వేప మొదట పూచిన తేదీ, కోకిల మొదట కూసిన తేదీ, కంసాలిపిట్ట ఏ ఇంటి ఏ కొమ్మను తొలిచినది, పాలపిట్ట ఏ మోడులో గూడు పెట్టినది, ఆ ఏట కానరాని పిట్ట యేది, ఇవి పిల్లల చేతనే తెలుగున వ్రాయింపవలెను. ప్రతి పక్షి ప్రక్కను, పాఠ్యపుస్తకములోని పేరు గాక, ఆ ఊరి పెద్దలు చెప్పిన పేరును, చెప్పినవారి పేరును కూడ వ్రాయవలెను. జెర్డను గ్రంథమున జరిగిన లోపము మరల జరుగరాదు. శ్రీహరికోట అడవియే ఇల్లుగా నుండిన యానాది కుటుంబములు 1970 ప్రాంతమున రాకెట్ ప్రయోగకేంద్రము నిర్మాణమైనపుడు ఇతరస్థలములకు తరలవలసి వచ్చినది. చెట్టునుండి వేరైన తరమునకు చెట్టుపై జ్ఞానము అందుట కష్టము. ఆ పెద్దలు ఇంకను కొందరున్నారు. పంచాయతీలు వారిని బడికి పిలిచి, కుర్చీవేసి, తగిన పారితోషికమిచ్చి పాఠము చెప్పించుకొనవలెను. మునిసిపాలిటీలు కొమ్మలు కొట్టించునపుడు ముందుగా గూడున్నదేమో చూడుమని పనివారికి ఆజ్ఞాపింపవలెను. ఈ ఆజ్ఞకు ఖర్చు లేదు.

ఉపాధ్యాయులారా, కార్యదర్శుల ఉత్తరువునకై ఎదురుచూడకుడు. ఒక నోటుబుక్కు చాలును. వేపపూత రాలకముందే మొదటి పుట వ్రాయింపుడు.