వంద వాట్లు అంటే ఏ వంద వాట్లు?

మన గూడేల్లో మన భాషలో మాట్లాడే రేడియో ఉండాలని కలలు కనే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! అప్లికేషన్ నింపే ముందు ఒక్క లెక్క నేర్చుకోండి. ఇదేదో ఇంజనీర్ల గొడవ అనుకోకండి. మన గొంతు కొండ అవతలి గూడేనికి వినబడుతుందా లేదా అన్నది ఈ లెక్కలోనే ఉంది.

2006 నాటి కమ్యూనిటీ రేడియో మార్గదర్శకాలు ఒక స్టేషన్‌కు మామూలుగా 100 వాట్ల వరకు చాలన్నాయి. అంటే 100 వాట్ల ట్రాన్స్‌మిటర్ కొనుక్కోవచ్చు అనుకుంటారు చాలామంది. కాదు. అక్కడ రాసింది ఈఆర్‌పీ, అంటే యాంటెనా నుంచి జనం వైపు వెళ్లే ప్రభావ శక్తి. ట్రాన్స్‌మిటర్ పెట్టె నుంచి కేబుల్లోకి వెళ్లే శక్తి వేరు. దాన్ని టీపీఓ అంటారు.

వాగు దగ్గర మోటారు పెట్టి చేనుకు నీళ్లు తోడడం తెలుసు కదా. మోటారు తోడింది టీపీఓ. పైపు దారిలో కొంత కారిపోతుంది, అది కేబుల్ నష్టం. చివర్లో సన్నని మూతి బిగిస్తే నీళ్లు దూరం పడతాయి, అది యాంటెనా గెయిన్. మూతి కొత్తగా నీళ్లు పుట్టించదు, ఉన్నవాటిని ఒక వైపు నెడుతుంది. అంతే.

ఇప్పుడు అంకెలు చూడండి. ట్రాన్స్‌మిటర్ 50 వాట్లు. కేబుల్లో 1 డెసిబెల్ పోతే యాంటెనాకు చేరేది సుమారు 40. మామూలు డైపోల్ కంటే 3 డెసిబెల్స్ గెయిన్ ఉన్న యాంటెనా పెడితే ఈఆర్‌పీ దాదాపు 80 వాట్లు. అదే పెట్టెకు 3 డెసిబెల్స్ మింగే నాసిరకం కేబుల్, గెయిన్ లేని డైపోల్ తగిలిస్తే మిగిలేది 25. కరెంటు బిల్లు మాత్రం అదే! పోనీ అని ఆ మంచి కేబుల్, మంచి యాంటెనాకే 100 వాట్ల పెట్టె పెడితే ఈఆర్‌పీ 160 దాకా పోతుంది. అప్పుడు నిబంధన దాటినట్టే.

కానీ మన ఏజెన్సీలో అసలు అడ్డు వాట్లు కాదు, కొండలు. ఎఫ్ఎం తరంగం దాదాపు చూపు మేరకే పోతుంది. శక్తి నాలుగింతలు చేసినా బయలులో దూరం రెండింతలకు మించి పెరగదు. కొండ చాటు గూడేనికి అదీ దక్కకపోవచ్చు. అందుకే ఎత్తు ముఖ్యం. యాంటెనా నేల నుంచి 15 మీటర్లకు తగ్గకూడదు, 30 మీటర్లు దాటకూడదు అన్నారు. నేల నుంచి అన్నారు, గమనించండి. ఆ నేల ఎంత ఎత్తున ఉందో చూసి టవర్ చోటు ఎంచుకోవాలి. కాకపోతే అది స్టేషన్ సేవ చేసే ప్రాంతంలోనే ఉండాలి. కాబట్టి అప్లికేషన్‌లో గూడేల పేర్లు ఒక్కటి కూడా వదలకండి.

అవే మార్గదర్శకాల్లో ఇంకో దారి ఉంది. అవసరాన్ని రుజువు చేస్తే, లేదా నేల తీరు అలాంటిదైతే, 250 వాట్ల ఈఆర్‌పీ వరకు పరిశీలిస్తారు. మరి ఏ గూడేనికి ఏ కొండ అడ్డమో మ్యాపు మీద చూపించగలిగేది ఎవరు? ఆ దారుల్లో నడిచే మీరే.

మా మాట ఒకటే. 5 నుంచి 10 కిలోమీటర్లు చాలన్నది మైదానం లెక్క. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో కొండను మినహాయింపుగా కాదు, మొదటి లెక్కగా తీసుకోవాలి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దళిత మహిళలు 2008 నుంచి సంఘం రేడియో నడిపి చూపించారు. మనమెందుకు నడపలేం?

ఒక జాగ్రత్త. లైసెన్సు రాకుండా ట్రాన్స్‌మిటర్ ఆన్ చేయొద్దు, అది నేరం. ఇక పరికరాలు అమ్మేవాళ్లు "వంద వాట్లు" అనగానే తల ఊపకండి. పెట్టె ఎంత, కేబుల్ మింగేది ఎంత, యాంటెనా గెయిన్ ఎంత అని అడగండి. ఆ మూడూ కాగితం మీద రాయించుకున్నాకే డబ్బు తీయండి.