లారా అడిగింది, నాన్న చెప్పలేదు

టీచర్ గారు ఈ నెలంతా మాకు తెలుగులో చదివి చెప్పిన కథ 'లిటిల్ హౌస్ ఆన్ ద ప్రెయిరీ'. లారా ఇంగల్స్ వైల్డర్ 1935లో రాసింది. అమెరికాలోని కాన్సాస్ గడ్డిమైదానంలో తన చిన్నప్పటి సంగతులు. దుంగలతో ఇల్లు కట్టడం, బావి తవ్వడం బాగుంటాయి. ఇంట్లో అందరికీ చలిజొరం వస్తే పుచ్చకాయలు తిన్నందుకే అంటుంది పక్కింటామె! దోమల వల్ల అని మనలో ఒకటో తరగతి పిల్లకీ తెలుసు.

కానీ ఆ నేల ఖాళీది కాదు. ఓసేజ్ అనే ఆదివాసులది. మొదటి అచ్చులో అక్కడ మనుషులే లేరనీ, ఇండియన్లు మాత్రమే ఉన్నారనీ ఉందంట. ఇండియన్లంటే ఈ ఓసేజ్ లాంటివాళ్లే. వాళ్లు మనుషులు కారా? ఒకరు ఉత్తరం రాశాక 1953లో ఆ మాట మార్చారు.

ఈ పుస్తకం తీసెయ్యాలని కొందరు అక్కలు అంటున్నారు. నేను ఒప్పుకోను. ఇది వాళ్ల నేల కదా, వాళ్లకు కోపం రాదా అని లారాయే నాన్నను అడుగుద్ది. ఆయన ఇంక అడగొద్దని పడుకోబెడతాడు. మన ఏజెన్సీలో 1/70 చట్టం గురించి పెద్దవాళ్ల మాటలు విన్న ఎవరికైనా అక్కడ కోపం వస్తది. రావాలి కూడా.

చివర్లో ఓసేజ్ వాళ్లు గుర్రాల మీద వరుసగా వెళ్లిపోతుంటే, అందులో ఒక పసిబిడ్డ తనకు కావాలని లారా ఏడుస్తుంది. ఆ బిడ్డ తల్లి ఏమనుకుందో ఒక్క ముక్క లేదు. తర్వాత వాళ్లను ఇప్పటి ఓక్లహోమాకు పంపేశారు.

వార్డెన్ అమ్మగారూ, పుస్తకం ఉంచండి. ఓసేజ్ వాళ్లు రాసుకున్న కథ దొరికితే తెప్పించి దాని పక్కనే పెట్టండి.