కొండకు కాదు, మన వీధికి సైకిల్ కొనండి



పిల్లలు పదకొండో తరగతికి వచ్చేసరికి మన ఇళ్ళలో ఒకటే మాట: "గేర్ సైకిల్ కావాలి." ప్రభుత్వ బడి పిల్లలకు సర్కారు ఉచితంగా సైకిల్ ఇస్తోంది. దాన్ని గోడకు ఆనించేసి, లావు టైర్లు, షాక్ అబ్జార్బరు ఉన్న ఎంటీబీ కొనివ్వమంటారు. పిల్లల ఆశను మేము తప్పు పట్టము. అయితే 10, 15 వేలు పెట్టేముందు పెద్దవాళ్ళు కొంచెం ఆలోచించాలి.

ఎంటీబీ అంటే మౌంటెన్ బైక్. 1970లలో అమెరికాలో కాలిఫోర్నియా కుర్రాళ్ళు లావు టైర్ల పాత సైకిళ్ళ మీద కొండ దారుల్లో దిగుతూ తయారుచేసుకున్న బండి. మన పిల్లలు తొక్కేది తిరువళ్ళూరులో వీరరాఘవస్వామి గుడి వీధులు, తిరుత్తణిలో బజారు, స్టేషన్ రోడ్డు.

మా ఇంట్లోనే ఈ తప్పు జరిగింది. మనవడు అడిగాడని ముందూ వెనకా రెండు చోట్లా షాక్ ఉన్న సైకిల్ కొన్నాము. చూడటానికి మోటారుబైకు మాదిరే ఉండింది. తొక్కితే మాత్రం సగం బలం స్ప్రింగే మింగేది. ఆరు నెలలకు వెనక షాక్ కిర్రుకిర్రుమంది. రిపేరు చేసే ఆయన "దీనికి స్పేరు దొరకదయ్యా" అన్నాడు. ఇప్పుడది మెట్ల కింద ఉంది, మనవడు బస్సులో పోతున్నాడు. సర్కారు ఇచ్చిన సైకిల్ మీద వాళ్ళమ్మ రోజూ అంగడికి పోయి వస్తోంది. డబ్బు పోయింది సరే, పిల్లవాడికి సైకిల్ తొక్కే అలవాటే పోయింది. అదీ మా బాధ.

రైల్వేలో ఉన్నన్నాళ్ళూ స్టేషన్ సైకిల్ స్టాండు పక్కనే పోయి వచ్చేవాళ్ళము. ఏళ్ళ తరబడి పాలు, పూలు మోసిన సైకిళ్ళు చూశాము. ఒక్కదానికీ స్ప్రింగు లేదు.

"గుంతలున్నాయి కదా, షాక్ వద్దా?" అంటారు. లావు టైరులో గాలి కొంచెం తగ్గిస్తే చిన్న గుంతను అదే మింగేస్తుంది. స్పీడ్ బ్రేకరు వస్తే సీటు మీంచి లేచి నిలబడితే చాలు. తక్కువ ధర బండికి వేసే షాక్ బరువు ఎక్కువ, పని తక్కువ. ఆ డబ్బు మంచి చక్రాలకు, బ్రేకులకు పోతే మేలు.

తిరుత్తణి కొండ ఘాట్ రోడ్డు ఎక్కాలంటే కావలసింది గేరు, షాక్ కాదు. దానికీ 21 గేర్లు అక్కరలేదు. వెనక ఏడు ఉండి, అందులో ఒకటి బాగా తేలికగా తిరిగితే చాలు. తిరువళ్ళూరు చదును నేలకు గేరు లేకపోయినా నడుస్తుంది. గుబ్బల టైర్లు తారు రోడ్డు మీద బరువుగా లాగుతాయి, నున్నటివి వేయించండి. ట్యూబు వాల్వు మోటారుబైకు వాల్వు మాదిరిదైతే ఏ పంచర్ అంగట్లో అయినా గాలి కొట్టించుకోవచ్చు.

బ్రేకు డిస్కయినా, రిమ్ము పట్టేదైనా సరే, దాని కట్టలు మన ఊళ్ళో దొరకాలి. వానకు మడ్‌గార్డు, పుస్తకాలకు క్యారియరు, చీకటికి లైటు, బెల్లు ఉండాలి. ఇవి షోకు కాదు, అవసరం. ఆడి కృత్తికకు తిరుత్తణిలో వచ్చే బస్సుల మధ్య లైటు లేని సైకిల్‌తో పిల్లవాణ్ణి ఎలా పంపుతాము?

ఇంకొక మాట. "రేపు పెరుగుతాడులే" అని పెద్ద సైకిల్ కొనకండి. పిల్లవాడు మధ్య కడ్డీకి అటూ ఇటూ కాళ్ళు పూర్తిగా నేలకు ఆనించి నిలబడితే, కడ్డీకీ ఒంటికీ నడుమ రెండంగుళాలైనా సందు ఉండాలి.

మన రైలు దారిలోనే అంబత్తూరులో 1949లో టీఐ సైకిల్స్ మొదలైంది. బీఎస్ఏ, హెర్క్యులిస్ బళ్ళు మన తాతల కాలం నుంచీ ఈ ఊళ్ళలో తిరుగుతున్నాయి. ఏ పేరున్న బండి కొన్నా ఫోన్లో బొమ్మ చూసి కొనకండి. పిల్లవాణ్ణి అంగడికి తీసుకుపోయి, ఒక వీధి తొక్కించి, మీ రిపేరు ఆయన్ను కూడా ఒక మాట అడగండి. మంచి సైకిల్ అంటే పిల్లవాడు రెండేళ్ళ తరువాత కూడా తొక్కుతూ ఉండేది.

మీ ఇంట్లో జరిగిందీ రాయండి. మేము చెప్పినదాంట్లో తప్పుంటే దిద్దుకుంటాము.