వైఫై 6 చాలా, 7 కావాలా?

పిల్లలూ! 2016 డిసెంబరులో మన కోనసీమలోని మోరి గ్రామంలో ఫైబర్ ఇంటర్నెట్ మొదలైంది. నేడు ఐ.పోలవరంలోనూ రౌటరు కొనేవారు "వైఫై 6 చాలా, 7 కావాలా?" అని అడుగుతున్నారు. మన ఇళ్ళకు 6 చాలునని నా అభిప్రాయం. ఎందుకంటారా?

వైఫై కూడా రేడియో తరంగమే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం గోడలు దాటి పెరటి గది దాకా పోగలదు, కాని వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ తరంగం ఎక్కువ సమాచారం మోస్తుంది, కాని మందపు గోడ అడ్డొస్తే త్వరగా బలహీనపడుతుంది. 2019లో వచ్చిన వైఫై 6 ఈ రెండింటినీ వాడుతుంది.

కాలువలో పారినంత నీరే చేనుకు చేరుతుంది కదా! తీగ తెచ్చే వేగాన్ని ఏ రౌటరూ పెంచలేదు.

కొత్తది కొనేముందు, ఉన్న రౌటరును ఇంటి మధ్యకు మార్చి, గదిగదికీ వేగం కొలవండి. ఆ తరువాతే నాన్నగారికి సలహా చెప్పండి.