నేతి మీద నింద, చక్కెరకు సన్మానం

మొన్న ఆదివారం ఆబిడ్స్ కాలిబాట మీద పాత పుస్తకాలు ఏరుకుని, నాంపల్లి స్టేషను దాకా నడిచి ఒక ఇరానీ హోటల్లో కూర్చున్నాను. ఎదుటి పెద్దాయన "కాలేయానికి కొవ్వు పట్టిందండీ, నెయ్యి పూర్తిగా మానేశాను" అంటూ మూడవ ఉస్మానియా బిస్కట్టును తియ్యటి చాయ్‌లో ముంచారు.

తప్పు ఆయనది కాదు. మనకు నేర్పిన పాఠానిది. నూనె డబ్బాల మీద "కొలెస్ట్రాల్ లేదు" అని ఘనంగా అచ్చువేస్తారు. మొక్కల నూనెలో చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఏనాడు ఉన్నది కనుక?

మిత్రులారా, కాలేయం కొవ్వుకు గిడ్డంగి మాత్రమే కాదు, కర్మాగారం కూడా. మితిమీరిన పిండిపదార్థాన్ని అది కొవ్వుగా మారుస్తుంది. ఇన్సులిన్ పెరిగినప్పుడు ఎస్‌ఆర్‌ఈబీపీ-1సీ అనే ప్రోటీను అందుకు కావలసిన జన్యువులను మేల్కొలుపుతుంది. చక్కెరలో సగమైన ఫ్రక్టోజుకు, గ్లూకోజుకున్న ముఖ్యమైన అదుపు సైతం లేదు.

హైదరాబాదు విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు 2025లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ నగరపు 345 మంది ఐటీ ఉద్యోగులలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు అధికంగా ఉన్నట్లు తేలింది. వీరందరూ నెయ్యి తాగి కూర్చున్నవారేనా? కదలని కుర్చీ మాటేమిటి? తియ్యటి పానీయాల మాటేమిటి?

నేతికి నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు. అతిగా తింటే అదీ చేటే. కానీ ఒక్క దోషిని పట్టుకుని తక్కినవారిని సగౌరవంగా సాగనంపడం శాస్త్రం కాదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలలో చక్కెరను మొత్తం శక్తిలో 5 శాతం లోపే ఉంచమన్నది. ఆ మాట ఏ డబ్బా మీద అచ్చయింది?

చక్కెర తక్కువ వేయమని అడిగితే, కలిపే వస్తుందన్నాడు సర్వరు. సగం కప్పు వదిలి లేచాను. పెద్దాయనకు ఈ మాట చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.