తొలి కొలువుకు అనుభవం ఏ అంగట్ల కొనాలె?

“ఎక్స్‌పీరియెన్స్ ఎంత?” పట్టా చేతబట్టుకొని పట్నం వచ్చిన పిల్లగాడిని సాఫ్ట్‌వేర్ కంపెనీ అడిగే మొదటి ప్రశ్న ఇదే. లేదన్నడంటే దర్వాజ మూస్తరు. కొలువు ఇస్తేనే కదా అనుభవం వచ్చేది? అనుభవం ఉంటేనే కొలువంటే ఆ పిల్లగాడు ఏ అంగడికి పోయి కొనుక్కొచ్చుకోవాలె? పెండ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెండ్లి కాదన్న సామెత మన పెద్దలు ఊరికే చెప్పలేదు.

కొలువులే లేవా అంటే ఉన్నయి. సర్కారు లెక్క ప్రకారం తెలంగాణ ఐటీ ఎగుమతులు 2013-14లో 57 వేల కోట్ల రూపాయలు, ఆ రంగంలో పనిచేసేవాళ్లు 3 లక్షల 23 వేల మంది. 2022-23కు వచ్చేసరికి ఎగుమతులు 2 లక్షల 41 వేల కోట్లు దాటినయి, ఉద్యోగులు 9 లక్షల 5 వేలు దాటిన్రు. తొమ్మిదేండ్లలో దాదాపు 6 లక్షల మంది లోపలికి పోయిన్రు. వాళ్లల్ల ప్రతి ఒక్కరికీ ఏదో ఒకనాడు అనుభవం సున్నానే. మరి ఇయ్యాల గడప కాడ నిలబడ్డ పిల్లల మీదనే ఈ షరతు ఎందుకు?

ఎందుకంటే పని నేర్పే ఖర్చును కంపెనీలు తమ నెత్తి మీది నుంచి దించుకుంటున్నయి. 1998లో మాదాపూర్ గుట్టల మీద సైబర్ టవర్స్ తెరిచిన నాటి సంగతి వేరు. అమెరికా కంపెనీలకు 2000 సంవత్సరం గండం ఉండె, మనుషులు కావాలె. సివిల్ చదివినోళ్లను, మెకానికల్ చదివినోళ్లను, ఎమ్మెస్సీ లెక్కలోళ్లను పిలిచి నెలల తరబడి కూర్చోబెట్టి, జీతమిచ్చి మరీ కోడు రాయడం నేర్పిన్రు. అప్పుడు అడిగింది బుర్ర ఉన్నదా లేదా అనే. ఇప్పుడు? పెద్ద సర్వీసు కంపెనీల్లో కొత్తోళ్ల జీతం పదిహేనేండ్ల కింద మూడు లక్షల చిల్లర ఉంటే ఇయ్యాల కూడా మూడున్నర లక్షల కాడనే తచ్చాడుతున్నది. ఆరున్నర లక్షలు ఇస్తమని కాగితం ఇచ్చిన విప్రో 2023 ఫిబ్రవరిలో మూడున్నర లక్షలకు ఒప్పుకుంటరా అని పిల్లలను అడిగింది. 2022లో ఆఫర్ లెటర్లు ఇచ్చిన ఇన్ఫోసిస్ కొందరిని రెండేండ్లు ఇంటికాడ కూర్చోబెట్టి, తీరా మైసూరుకు పిలిచినంక 2025 ఫిబ్రవరిలో పరీక్ష తప్పిన్రని మూడు వందల మందికి పైగా బయటికి పంపింది. నేర్పాల్సినోడే పరీక్ష పెట్టి వెళ్లగొడితే నేర్చుకునేటోడు యాడికి పోవాలె?

యాడికి పోతున్నడో మనకు తెలుసు. అమీర్‌పేటకు.

మైత్రీవనం నుంచి బల్కంపేట దాకా ఆ గల్లీల గోడలన్నీ చదివితే ఇరవై ఐదేండ్ల సాఫ్ట్‌వేర్ చరిత్ర కండ్ల ముందటికి వస్తది. మెయిన్‌ఫ్రేమ్ పోయి జావా, జావా మీద టెస్టింగ్, తర్వాత క్లౌడ్, ఇప్పుడు ఏఐ. ఆ కోచింగులను మేం తక్కువ చేసి మాట్లాడం. కాలేజీల నాలుగేండ్లు చెప్పనిది తొంభై రోజుల్ల చెప్పి, తెలుగు మీడియం పిల్లలకు అర్థమయ్యేటట్టు చెప్పి, వేలమందిని గట్టెక్కించిన అయ్యవార్లు అక్కడ ఉన్నరు. మా పేచీ ఆ క్లాసుల పక్క గదిల జరిగే బేరంతోని.

ఆ బేరం ఎట్ల నడుస్తదంటే, రెండేండ్లకు ఇంత, మూడేండ్లకు ఇంత. ఎన్నడూ చూడని కంపెనీ పేరు మీద ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్ చేతికొస్తయి. ఇంకా పైసలు పెడితే మన పైసలే నెలనెలా మన బ్యాంకు ఖాతాలోకి జీతం లెక్క పడతయి, పీఎఫ్ కూడా కడతరు. ఇంటర్వ్యూల మన తరఫున ఇంకొకడు మాట్లాడితే మనం పెదవులు కదిపే ఏర్పాటు కూడా ఉన్నది. దీనికి తండ్రి ఎకరం అమ్మాలె, లేకుంటే తల్లి పుస్తెలతాడు కుదువకు పోవాలె.

పిల్లలను “ఫేక్‌గాళ్లు” అని కార్పొరేట్ పెద్దలు ఈసడించుకుంటరు. ఇంతటి నకిలీని ఈ పట్నానికి పల్లె పిల్లలే తెచ్చిన్రా? 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ తన చేతితోనే ఉత్తరం రాసి ఒప్పుకున్న వేల కోట్ల దొంగ లెక్కలను మనం మరువలేదు. ఏడాది అనుభవం దొంగగ రాసుకున్న పేదోడి కొడుకుకు నీతి చెప్పేముందు ఆ సంగతి కూడా యాది చేసుకుంటే మంచిది.

అయినా సరే, ఈ దారిన పోవద్దనే మేం చెప్తం. నీతి మాట పక్కనపెట్టినా లెక్క తేలదు. 2014 నుంచి ప్రతి పీఎఫ్ ఖాతాదారుకు యూఏఎన్ అనే ఒకటే నంబరు ఉంటున్నది. ఏ కంపెనీ ఏ నెల నుంచి ఏ నెల దాకా డబ్బు కట్టిందో ఒక్క తెరమీద కనపడతది. అంతకు ముందే, 2006లోనే, నాస్కామ్ ఉద్యోగుల వివరాలకు ఒక జాతీయ రిజిస్ట్రీ పెట్టింది. దొంగ లెటర్లు ఇచ్చే కంపెనీల జాబితాలు పెద్ద సంస్థల కాడ ఉంటయి. 2022 నవంబర్‌లో యాక్సెంచర్ మనదేశంలో నకిలీ అనుభవ పత్రాలు పెట్టినోళ్లను కొలువుల నుంచి తీసేసింది. అట్ల పోయినోడికి మిగిలేది ఏంది? అప్పు మిగులుతది, నిజంగ పనిచేసిన ఆరు నెలలు కూడా చెప్పుకోరాని పరిస్థితి మిగులుతది. లెటర్ అమ్మినోడు మాత్రం హాయిగ ఇంకో బోర్డు కట్టుకుంటడు.

ఇంకొక రకం ఉన్నరు. “బ్యాక్‌డోర్ కొలువు, ట్రైనింగ్ మాదే, కొలువూ మాదే” అని లక్ష, రెండు లక్షలు వసూలు చేసి, రెండు నెలలు ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, ఒకనాడు తెల్లారేసరికి బోర్డు తిప్పేసేటోళ్లు. మాదాపూర్ ఠాణా ముందర ఇట్లాంటి పిల్లలు గుంపులు గుంపులుగ నిలబడ్డ వార్తలు ఏటా చదువుతనే ఉన్నం. కొలువిచ్చేటోడు మన దగ్గర పైసలు తీసుకోడు. పైసలు అడిగిండంటే అది కొలువు కాదు. అసలు సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటమనేటోళ్లకు కూడా ఒక నమస్కారం పెట్టి బయటికి రావాలె.

మరి అనుభవం యాడ దొరకాలె? కంపెనీ అడిగే “రెండేండ్లు” అన్నమాటకు అసలు అర్థమేందో ముందు తెలుసుకోవాలె. ప్రకటనల రాసేది వాళ్లకు కావాలన్న కోరికల జాబితా. అందుల సగం వచ్చినా దరఖాస్తు పెట్టొచ్చు, పెట్టాలె కూడా. వాళ్లకు నిజంగ కావాల్సింది వేరు. ఇంకొకడు రాసిన కోడు చదివి అర్థం చేసుకుంటడా? చెడిపోయినప్పుడు యాడ చెడిపోయిందో ఎతుకుతడా? చేసిన పని నలుగురికి చెప్పగలుగుతడా? ఇవి జీతం లేకున్నా నేర్చుకోవచ్చు. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్‌ల కొన్న రెడీమేడ్ ప్రాజెక్టుతోని మాత్రం రావు. ఆ ప్రాజెక్టు పెట్టినోడిని “ఇందుల నీకు కష్టమైందేంది?” అని ఒక్క ప్రశ్న అడిగితే నోరు పెగలదు.

ఒక ఉదాహరణ చెప్తం. మార్కెట్ యార్డుల రోజువారీ ధరలను కేంద్రం అగ్‌మార్క్‌నెట్ అనే వెబ్‌సైట్‌ల పెడుతున్నది. వరంగల్ ఎనుమాముల మిర్చి, నిజామాబాద్ పసుపు ధరలను రోజూ తీసి, దాచి, రైతు ఫోనుకు తెలుగుల పంపే చిన్న ప్రోగ్రాం రాయాలని కూర్చోండి. మొదటి వారమే తెలుస్తది, సెలవు దినం నాడు ధర ఉండదని. ఒకే మార్కెట్ పేరు రెండు తీర్ల రాసి ఉంటదని. క్వింటాలుకు బదులు కిలో ధర పడితే లెక్కంతా తలకిందులైతదని. వెబ్‌సైట్ మొరాయించిన రోజు మన ప్రోగ్రాం కూడా కూలిపోతది. అది కూలకుండ ఏం చేయాలె? ఇక్కడ డేటాబేస్ వస్తది, సర్వర్ వస్తది, టెస్టింగ్ వస్తది, పాత కోడును భద్రం చేసుకునే గిట్ వస్తది. ఊర్లె పదిమంది రైతులు వాడి “నిన్నటి ధరనే మళ్ల వచ్చింది బిడ్డా” అని ఫోన్ చేసిన్రంటే, దానికి కారణం ఎతికి సరిచేసినవంటే, ఆర్నెల్ల ఉత్త శిక్షణ కన్నా అది పెద్ద అనుభవం. ఆ కోడంతా గిట్‌హబ్‌ల పెట్టండి. యాడ తప్పిందో, ఎట్ల సరిచేసిన్రో పక్కన రాసి పెట్టండి. ఇంటర్వ్యూల మాట్లాడనీకి మాటలు ఎతుక్కునే అవసరం ఉండదు. చేసినోడికి చెప్పనీకి ఇంగ్లిష్ కూడా కొంచెం చాలు.

ఇంకొక దారి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. హైదరాబాద్‌ల 2005 నుంచి ‘స్వేచ్ఛ’ సంస్థ కంప్యూటర్‌కు తెలుగు నేర్పే పనిని ఇంజినీరింగ్ పిల్లలతోనే చేయిస్తున్నది, వేసవి శిబిరాలు పెడుతున్నది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తెలుగుల కనపడుతున్నదంటే దాని వెనుక ఉన్నది వాలంటీర్లే. అక్కడ మన కోడును మనకన్నా పెద్దోళ్లు చూస్తరు, తప్పు పడతరు, మళ్ల రాయమంటరు. కంపెనీల జరిగేది కూడా అదే.

“చాట్‌జీపీటీ వచ్చినంక ఇవన్నీ ఎందుకన్నా?” అని అడుగుతున్నరు పిల్లలు. 2022 నవంబర్‌ల అది వచ్చినంక సాదా సీదా కోడు రాసే పని చౌకైపోయిన మాట నిజం. గిట్ల కాపీ కొట్టి బతికే రోజులు పోయినయి. కానీ రాసిచ్చిన కోడు ఒప్పా తప్పా చెప్పేటోడి అవసరం పోలేదు. అనుభవం ఉన్నోళ్లు సుఖంగ ఉన్నరనుకుంటున్నరా? 2025 జులైల టీసీఎస్ 2 శాతం, అంటే 12 వేల చిల్లర మందిని తగ్గించుకుంటమన్నది. అందుల ఎక్కువ భాగం నడిమి, పై వరుసలోళ్లే. అనుభవం లేదని ఒకడిని, అనుభవం ఎక్కువైందని ఇంకొకడిని!

గ్యాప్ గురించి కూడా ఒక మాట. 2009 డిసెంబర్ నుంచి 2011 సకల జనుల సమ్మె దాకా క్లాసులు ఎన్నిసార్లు బందయినయో, పరీక్షలు ఎన్నిసార్లు వాయిదా పడ్డయో మా ఈడోళ్లకు తెలుసు. రోడ్డు మీద గడిపిన ఆ నెలల గురించి ఇంటర్వ్యూలల్ల నసిగినోళ్లను చూసినం, సూటిగ చెప్పినోళ్లను కూడా చూసినం. సూటిగ చెప్పినోళ్లే గెలిచిన్రు. తర్వాతి తరానిది ఇంకో కథ. 2022 అక్టోబర్‌ల గ్రూప్-1 ప్రిలిమ్స్ రాస్తే పేపర్ లీకై రద్దయింది. 2023 జూన్‌ల మళ్ల రాస్తే అదీ కోర్టుల రద్దయింది. అశోక్‌నగర్ గదుల్ల నాలుగేండ్లు కూర్చున్నోళ్లు ఇరవై ఎనిమిదేండ్లకు సాఫ్ట్‌వేర్ దిక్కు చూస్తున్నరు. వాళ్లు ఆ నాలుగేండ్లను దాచి దొంగ అనుభవంతో కప్పొద్దు. పరీక్షలకు చదివిన అని చెప్పండి, ఈ ఏడాది ఈ పని చేసిన అని చూపెట్టండి. మొదటి అడుగు టెస్టింగ్‌లనో, సపోర్ట్‌లనో పడ్డా నామోషీ లేదు. లోపలికి పోయినంక గది మార్చుకోవచ్చు.

లోపల ఉన్న ఉద్యోగులకు కూడా చెప్పాలె. కొత్తోళ్ల రెజ్యూమె హెచ్ఆర్ కంట్లె పడేది ఎక్కువగ రిఫరల్‌తోనే. కొందరు ఆ రిఫరల్‌ను కూడా అమ్ముకుంటున్నరని వింటే తల దించుకోవాల్సి వస్తున్నది. మీ ఊరి పిల్ల, మీ జిల్లా పిల్లగాడు చేసిన పనిని ఒక అరగంట చూడండి. నచ్చితే పంపండి, నచ్చకుంటే ఎందుకు నచ్చలేదో చెప్పండి. ఆ చెప్పే మాట కోసమే వాళ్లు అమీర్‌పేటల వేలు పోస్తున్నరు.

ఇగ సర్కారు మాట. అప్రెంటిస్‌ల చట్టం 1961 నుంచి ఉన్నది. 2019 నిబంధనల ప్రకారం 30 మంది, అంతకన్న ఎక్కువ పనిచేసే సంస్థ తన సిబ్బందిల రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలె. ఆ నిబంధనల్లనే డిగ్రీ ఉన్నోళ్లకు కనీసం నెలకు 9 వేలు ఇయ్యాలన్నరు, అందుల సగం కేంద్రం భరించేటట్టు పథకం ఉన్నది. హైదరాబాద్ హాస్టళ్ల ధరలకు అది ఏ మూలకూ చాలదు, పెంచాలె. అయినా లెక్క చూడండి. 9 లక్షల 5 వేల మంది ఉద్యోగులకు రెండున్నర శాతమంటే 22 వేల పైన. చిన్న కంపెనీలను తీసేస్తే కొంత తగ్గుతది, అయినా వేలల్లనే ఉంటది. ఏటా అన్ని వేలమందికి బాజాప్తా సర్టిఫికెట్‌తోని మొదటి ఏడాది అనుభవం! మరి మన ఐటీ కారిడార్‌ల ఏ కంపెనీ ఎంతమందిని తీసుకున్నది? పట్టాదారుల అప్రెంటిస్ లెక్కలు చెన్నైల ఉన్న దక్షిణ ప్రాంత శిక్షణ బోర్డు చూస్తది. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తుకు పది రూపాయలు. కంపెనీల పేర్లతో సహా, మూడేండ్ల లెక్క అడుగుతూ మేం ఒకటి పంపుతున్నం. కాలేజీకొకటి మీరూ పంపండి, వచ్చిన జవాబులు తెచ్చియ్యండి, అచ్చు వేస్తం.